లిస్టు జాగ్రత్త, బుజ్జీ

బుజ్జీ,

అమెరికా సెనెట్ అభ్యర్థి ప్రచారంలో చేరుతున్నావనీ, వెబ్‌సైటూ ఈమెయిళ్లూ ఆన్‌లైన్ విరాళాలూ అన్నీ నీకే అప్పగించారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడకి టెన్షన్, నాకు గర్వం. గర్వం సంగతి ఆవిడ దగ్గర బయటపెట్టలేదు, పెడితే తిట్లు నాకే. అమెరికాలో నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో, తమకొచ్చిన ఈమెయిళ్లను సెక్రటరీ చేత ప్రింటు తీయించుకుని చదివే నాయకులుండేవారు. వాళ్లతో వేగినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

చిన్నవి ముందు. డొమైన్, అంటే సైటు పేరు, ప్రచార కమిటీ పేరు మీదే ఉండాలి, ఏ వలంటీరు పేరు మీదో కాదు. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరైనా ఉండాలి. విరాళం పేజీలో ఉద్యోగం, యజమాని పేరు అడిగే గడులు తీసేయమని ఎవరు పోరినా తీయకు, ఎన్నికల కమిషన్‌కి లెక్క చెప్పాల్సింది మీరే. సైటు అడ్రసు నోటితో చెప్పడానికి తేలిగ్గా ఉండాలి. 1996 అక్టోబరులో హార్ట్‌ఫర్డ్‌లో క్లింటన్‌తో డిబేట్ ముగిస్తూ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి బాబ్ డోల్ తన సైటు అడ్రసు చెప్పాడు, చెప్తూ చెప్తూ ఒక చుక్క మింగేశాడు. అయినా జనం ఎగబడ్డారు, సైటు తట్టుకోలేకపోయింది. మీ నాయకుడు టీవీలో అడ్రసు చెప్పబోతుంటే ఆ కబురు సర్వర్ చూసేవాళ్లకి ముందే చేరాలి.

ఇక ఈమెయిల్ లిస్టు. నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

తొంభైల చివర నేను పనిచేసిన ఒక ప్రచారంలో, సభలకి వచ్చినవాళ్లు నోటుపుస్తకంలో తమ ఈమెయిల్ రాసిచ్చేవాళ్లు. ఆ గొలుసుకట్టు రాతలు చదవలేక చచ్చి, రాత్రిళ్లు కూర్చుని టైపు చేసేవాళ్లం. చిన్న లిస్టే, కానీ బతికున్న లిస్టు. అందులో ఒక రిటైర్డ్ టీచరుగారు ఉండేది. మేం పంపిన ప్రతి ఉత్తరంలో కామాలు దిద్ది తిరిగి పంపేది. ఆవిడ దిద్దుబాట్ల కోసమే నేను ఒక్కోసారి రెండోసారి చదవకుండా పంపేవాణ్ణి.

పోలింగ్ వారంలో మేనేజరు ఎక్కడినుంచో ఒక పెద్ద లిస్టు కొనుక్కొచ్చాడు. వద్దని మొత్తుకున్నాం. "ఇన్ని అడ్రసులు ఊరికే వస్తాయా?" అన్నాడు, మా లిస్టులో కలిపేసి అందరికీ ఒకేసారి కొట్టించాడు. తెల్లారేసరికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి, ఇంటర్నెట్ కంపెనీ మా మెయిల్ ఆపేసింది. వృద్ధులను పోలింగ్‌కి ఎవరి కారులో తీసుకెళ్లాలో చెప్పే ఉత్తరం అందులోనే వెళ్లాలి. వెళ్లలేదు. ఫోన్ల మీద పడ్డాం, సగమే కుదిరింది. ఓడిపోయాక ఆ లిస్టునే అప్పు కింద ఇంకో అభ్యర్థికి ఇచ్చేశారు. టీచరుగారి దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చింది, తన పేరు తీసేయమని. మా కామాల జోలికి పోలేదు.

చట్టం ఒప్పుకుంటుంది కదా మామయ్యా అంటావు, తెలుసు. 2003లో స్పామ్ మీద, అంటే అడక్కుండా వచ్చిపడే మెయిళ్ల మీద, చట్టం చేసినప్పుడు అది వ్యాపార మెయిళ్లకే అన్నారు, రాజకీయ నాయకులు తమని తాము బయట ఉంచుకున్నారు. నువ్వు ఆ సందులో దూరకు. పేరు తీసేయమనే లింకు కళ్లకి కనబడేంత పెద్దగా పెట్టు. "ఈ అర్ధరాత్రే ఆఖరి అవకాశం" అంటూ రోజూ వచ్చే మెయిళ్లు నాకూ వస్తున్నాయి. అలాంటిది నీ చేత్తో రాసింది ఒక్కటి కనబడిందో, అర్ధరాత్రే ఫోన్ చేసి లేపుతాను.

లిస్టు పెద్దదైతే గెలుపనుకోకు. 1998లో మిన్నెసోటాలో జెస్సీ వెంచురా చేతిలో పెద్ద పార్టీ లేదు, పెద్ద డబ్బూ లేదు. ఈమెయిల్‌తో వలంటీర్లని కూడగట్టాడు, పిలిచిన చోటికి వాళ్లు వచ్చారు, గవర్నరయ్యాడు. రిపబ్లికన్ అధ్యక్ష నామినేషన్ కోసం పోటీపడ్డ మెకెయిన్‌కి 2000లో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ గెలవగానే కొద్ది రోజుల్లో పది లక్షల డాలర్ల పైన ఆన్‌లైన్‌లో వచ్చింది, నామినేషన్ మాత్రం బుష్‌కి పోయింది. డెమొక్రాట్ల నామినేషన్ కోరిన హోవర్డ్ డీన్‌కి 2003 అంతా ఇంటర్నెట్‌లో జాతరే. 2004 జనవరిలో అయోవాలో ఓటింగ్ జరిగితే మూడో స్థానం. స్క్రీన్ మీద అంకె పెరిగినప్పుడల్లా నాయకుడు నీ టేబుల్ దగ్గరికొచ్చి మురిసిపోతాడు, ఆ మురిపెం నీకూ అంటుకుంటుంది. ఆ అంకెలో మనవాళ్లెందరు, మన రాష్ట్రంలో ఓటున్నవాళ్లెందరు అని నువ్వే అడగాలి. అడిగితే మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ.

భోజనం కంప్యూటర్ ముందు చేయకు. నీ కళ్లు చిన్నప్పటినుంచీ అంతంత మాత్రం.

ఒప్పందం కాగితం సంతకం పెట్టకముందు నాకు పంపు. లిస్టు ఎవరిదో, ఎన్నికల తర్వాత దాన్ని ఏం చేస్తారో అందులో రాసి ఉందా లేదా చూస్తాను. రాసి లేకపోతే రాయించు, సిగ్గుపడకు. ఇంకోటి, నవంబరులో ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు ఈ ఉద్యోగం ఉండదని మీ అమ్మకి నువ్వే చెప్పాలి. ఆవిడ పర్మనెంటు అనుకుంటోంది. నేను చెప్పను.

నీ మామయ్య