విడతలుగా నడిస్తే యాత్ర అవుతుందా? సామర్లకోట నుంచి భీమవరం దాకా నా అనుభవం

అవుతుంది. నేను సామర్లకోటలో మొదలుపెట్టి భీమవరం చేరడానికి రెండు చలికాలాలు పట్టింది, అయినా అది యాత్ర కాదని నాకు ఒక్క రోజు కూడా అనిపించలేదు.

మీరు అడిగినవి మూడు. ఆదివారాలు మాత్రమే వీలున్నవాళ్లు పంచారామాలు అనే అయిదు శివక్షేత్రాలకు ముక్కలు ముక్కలుగా నడవవచ్చా, ఆడమనిషి ఒక్కతే నడవగలదా, మోకాళ్లు అంతంతమాత్రంగా ఉంటే రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి అని. నాకు 54 ఏళ్లు, కాకినాడలో ఉంటాను. రోజూ అరగంట నడక తప్ప వేరే అలవాటు లేకుండానే బయలుదేరాను. అయిదు ఆరామాల్లో అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మిగిలిన నాలుగు, అంటే సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, మన గోదావరి వైపే ఉన్నాయి. నేను వెళ్లిన దారిలో మొత్తం నూట నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ వచ్చింది.

అంతకుముందు ఒక కార్తిక సోమవారం బస్సులో ఒకే రోజున అయిదూ చూసి వచ్చాను. గుర్తున్నవి వరుసల్లో నిలబడ్డ గంటలే. సామర్లకోటలో శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా లేచి ఉంటుందని, అభిషేకం పైనే జరుగుతుందని ఆ రోజు నేను గమనించనే లేదు. నడిచి వెళ్లాలన్న కోరిక అక్కడ పుట్టింది.

మనవాళ్లకు విడతలుగా నడవడం కొత్త కాదు. మజిలీ అనే మాట ఉన్నదే అందుకు. తేడా ఒక్కటే, పూర్వం మజిలీలో రాత్రి నిద్రపోయి పొద్దున్నే కదిలేవారు, మనం ఇంటికి వచ్చి వారం తరువాత కదులుతాం. అందువల్ల నేను ఒక్క నియమం గట్టిగా పెట్టుకున్నాను. ఎక్కడ ఆగానో సరిగ్గా అక్కడే మళ్లీ మొదలుపెట్టాలి. రెండో విడతలో బిక్కవోలు నుంచి రామచంద్రపురం వైపు వెళ్తుండగా మడమ బొబ్బ పగిలి అడుగు పడలేదు. రోడ్డు పక్కన ఒక రామాలయం అరుగు మీద కూలబడి, అక్కడి నుంచి ఆటోలో తిరిగి వచ్చేశాను. మరుసటి ఆదివారం ఆటోలో అదే అరుగు దగ్గర దిగి నడక సాగించాను. పోయినసారి చూసిన ముసలావిడ "మళ్లీ వచ్చావా అమ్మా, కాలు తగ్గిందా?" అని అడిగి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆగిన చోటికి తిరిగి వెళ్లకపోతే ఆ పలకరింపు నాకు దక్కేది కాదు.

ఆ బొబ్బకు కారణం కొత్త బూట్లు. పది కిలోమీటర్లు దాటాక పాదం కొంచెం ఉబ్బుతుంది, కాబట్టి ఒక సైజు పెద్దవి తీసుకుని, ముందు నెల రోజులు ఇంటి చుట్టుపక్కల వాడండి. మీ మోకాళ్లకు రోజుకు పన్నెండు కిలోమీటర్లు చాలు. నేను పద్దెనిమిది నడిచిన రోజులు ఉన్నాయి, వాటి చివరి ఆరూ ఎలా గడిచాయో నాకు గుర్తు లేదు. నేల చదును కాబట్టి ఎక్కడా ఎక్కి దిగే బాధ లేదు, కానీ గట్టి తారు రోడ్డు మోకాలికి పడదు. ఎక్కడ వీలైతే అక్కడ కాలువ గట్టో, చేలలోకి వెళ్లే పుంతో పట్టుకోండి. ఆ పుంత ఎక్కడ తేలుతుందో పొలంలో ఉన్నవాళ్లను అడిగి మరీ దిగాలి. చాలా పుంతలు ఏదో ఒక బోదె, అంటే చిన్న కాలువ, దగ్గర ఆగిపోతాయి.

మజిలీలను గుడిని బట్టి కాకుండా, తిరిగి వచ్చే బస్సునో రైలునో బట్టి నిర్ణయించుకోండి. సామర్లకోట నుంచి కెనాల్ రోడ్డు మీద బిక్కవోలు వెళ్తే అక్కడ రైల్వే స్టేషను ఉంది. ఊరి చుట్టూ తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు ఉన్నాయి, ఒకటి రెండు పొలాల మధ్యనే కనిపిస్తాయి. ఆ రోడ్డులో లారీలు ఎక్కువ, తెల్లవారుతూనే బయలుదేరి ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవండి. రామచంద్రపురం, అమలాపురం, రాజోలు బస్సులకు ఇబ్బంది లేని ఊళ్లు. పాలకొల్లుకు, భీమవరానికి రైలు కూడా ఉంది. రాత్రి ఉండాలనుకుంటే అమలాపురంలోనూ భీమవరంలోనూ లాడ్జీలు ఉన్నాయి, నేను అమలాపురంలో ఒక్క రాత్రే ఉన్నాను.

ద్రాక్షారామంలో మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు, పదకొండు లోపల చేరండి. అక్కడ తొందరపడవద్దు. సప్తగోదావరి గుండం మెట్ల మీద కాసేపు కూర్చుని, తరువాత రాళ్ల మీద, స్తంభాల మీద ఉన్న శాసనాలు చూడండి. వందల కొద్దీ ఉన్నాయి. ఎవరో ఒకరు అఖండ దీపానికి ఇన్ని గొర్రెలు ఇచ్చామని చెక్కించుకున్నారని అర్థం తెలిశాక ఆ గోడలను చూసే చూపే మారిపోతుంది.

అక్కడి నుంచి కోటిపల్లి. సోమేశ్వరుడి దర్శనం అయ్యాక రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరం వైపు దిగాను. పడవ ఎక్కితే నడక తెగినట్టేనా అని మీకు సందేహం రావచ్చు. నాకు రాలేదు. ఈ ప్రాంతంలో నడిచి వచ్చినవాళ్లందరూ ఏదో ఒక రేవులో పడవ ఎక్కినవాళ్లే. వరద రోజుల్లో మాత్రం అటు వెళ్లవద్దు, జులై నుంచి సెప్టెంబరు దాకా ఈ యాత్ర ఆలోచనే పెట్టుకోవద్దు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. కోతలయ్యాక రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, దాన్ని తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్లండి. ధనుర్మాసం పొద్దుల్లో మంచులో ఒక ఊరి గుడి మైకు ఆగిపోయేలోగా ఇంకో ఊరి మైకు వినిపిస్తుంది, దారి తప్పే భయమే ఉండదు.

ముక్తేశ్వరం నుంచి అయినవిల్లి వినాయకుడిని చూసుకుని అమలాపురం, అక్కడి నుంచి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం. ఈ రెండు రోజులూ కొబ్బరితోటల నీడలోనే గడిచాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర బొండాం తాగి, వలిచిన కాయల గుట్టల పక్కన పావుగంట నిలబడ్డాను.

పి.గన్నవరం దగ్గర ఏ గుడీ మన జాబితాలో లేదు. అయినా నా యాత్రలో నేను ఎక్కువసేపు ఆగిన చోటు అదే. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే ఆక్విడక్టు అక్కడ ఉంది. కింద నది సముద్రానికి పోతుంటే, పైన కాలువ అవతలి లంకలకు నీళ్లు తీసుకెళ్తుంది. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాలానికి చెందిన పాత కట్టడం పక్కనే కొత్తది కట్టి, దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె 1841 నుంచి 1909 దాకా జీవించారు. లంకల గన్నవరంలో, రేవు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరితే, దారిలో ఆకలితో వస్తున్న వాళ్లు "ఇంకాసేపట్లో సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అన్నం తిందాం" అని పిల్లలకు చెప్పుకోవడం విని, యాత్ర అక్కడే మానుకుని వెనక్కి వెళ్లి వంట మొదలుపెట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. ముక్కలు ముక్కలుగా నడవవచ్చా అన్న మీ ప్రశ్న చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

ఒంటరితనం గురించి. నాకు చెడు అనుభవం ఎదురు కాలేదు, కానీ నేను చీకటి పడ్డాక ఒక్క అడుగు కూడా నడవలేదు, రోజూ ఎక్కడిదాకా వెళ్తున్నానో ఇంట్లో చెప్పేదాన్ని. "ఏ ఊరండి, ఎవరింటికి?" అని ప్రతి ఊళ్లో అడుగుతారు. అది ఆరా కాదు, ఆదరం. సూటిగా "పంచారామాలకు నడుస్తున్నానండి" అని చెప్పండి, ఆ తరువాత మీ బాగోగులు ఆ ఊరు చూసుకుంటుంది. మనకు అసలు ఇబ్బంది మరుగుదొడ్లతో. పెట్రోలు బంకులు, బస్టాండ్లు ఎక్కడున్నాయో ముందురోజే చూసుకోండి. మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తే మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, నాకు తిరిగింది. కుక్కల కోసం చేతిలో ఒక కర్ర ఉంచుకోండి, ఎత్తి చూపితే చాలు.

రాజోలు దాటి చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే పాలకొల్లు. ఆ వంతెన మీద గాలి బలంగా ఉంటుంది, కొంగు బిగించుకోండి. క్షీరారామం గోపురం తొమ్మిది అంతస్తులు, చేరకముందే కనిపించి కాళ్లకు బలం ఇస్తుంది. ఆఖరి ఇరవై పైచిలుకు కిలోమీటర్లను రెండు రోజులుగా విడగొట్టి భీమవరం గునుపూడి చేరాను. అక్కడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందని అంటారు. స్వామి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుంది. అక్కడ నిలబడినప్పుడు నాకు గన్నవరం గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

మీరు ఏ ఆదివారం మొదలుపెడతారో రాయండి. కాకినాడ నుంచి సామర్లకోట నాకు ఎంతో దూరం కాదు. బిక్కవోలు దాకా మీతో నడుస్తాను, అక్కడి నుంచి మీరు ఒక్కరే వెళ్లండి.