పెట్రా చూడటానికి ఒక్క పగలు చాలునా?

ప్రశ్న: మా అబ్బాయి జోర్డాన్‌లోని అకాబా రేవులో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్తున్నాము. తెల్లవారుజామున బయలుదేరి, కొండల్లో తొలిచిన పురాతన నగరం పెట్రా చూసి, అదే రోజు రాత్రికి అకాబా చేరుకోవాలని మా ఆలోచన. బృందంతో వెళ్తే గైడు గడియారం చూస్తూ తరుముతాడని, మా తీరికను బట్టి మేమే చూసుకుందామని మావారి పట్టు. ఆయనకు అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పి ఉంది. నిరుడు సింహాచలం మెట్లు సగం ఎక్కి వెనక్కి దిగిపోయాము. మా వల్ల అవుతుందా?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అవుతుంది. పెట్రాను ఆనుకొని ఉన్న వాదీ మూసా ఊరికి అకాబా నుంచి కారులో సుమారు రెండు గంటల ప్రయాణం. ప్రధానమైన దారి ఒక్కటే కనుక గైడు లేకపోయినా తప్పిపోతామన్న భయం అక్కర్లేదు. అయితే ఆ దారి వెళ్లేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మెరక. ప్రవేశద్వారం నుంచి ఖస్ర్ అల్ బింత్ ఆలయం వరకు ఉన్న సుమారు 4 కిలోమీటర్లను పొద్దుటి చల్లదనంలో హాయిగా దిగిపోయినవారే, మధ్యాహ్నం అదే దూరం ఎండలో ఎక్కవలసి వచ్చేసరికి నీరసపడిపోతారు. కాబట్టి ఎంత దూరం వెళ్లాలన్నది కాదు, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలన్నది ముందుగా అనుకోండి. మీవారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే ఒంటిగంట దాటనివ్వవద్దని నా సలహా. నవంబరులో అక్కడ పొద్దు తొందరగా వాలుతుంది కూడా.

ద్వారం ఉదయం 6 గంటలకే తెరుస్తారు. ఏడింటికల్లా లోపల ఉండగలిగితే, పర్యాటకుల బస్సులు వచ్చేలోపు సిక్ అనే ఇరుకు లోయలో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. రెండు పక్కలా నిటారుగా లేచిన ఇసుకరాతి గోడల మధ్య ఈ లోయ 1.2 కిలోమీటర్లు సాగుతుంది. చాలామంది చివర కనిపించే ఖజానా అనే కట్టడం కోసం ఇక్కడ పరుగుపెడతారు. నన్నడిగితే నిదానించవలసిన చోటు ఇదే. గోడ వెంట రాతిలో తొలిచిన కాలువను, మట్టి గొట్టాలు అమర్చిన గాడిని చూడండి. ఈ నగరాన్ని కట్టిన ప్రాచీన అరబ్బు జాతివారు నబాటియన్లు దూరపు ఊటల నీటిని ఊరిలోకి తెచ్చుకున్నది వీటితోనే. భీమిలి దారిలోని తొట్లకొండ మీద వాన నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్లను చూసిన మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. కొంచెం ముందుకు వెళ్తే గోడ మీద ఒంటెల బిడారు శిల్పం ఉంటుంది. పైభాగం అరిగిపోయి, ఒంటెల కాళ్లు, ఒంటెలను నడిపించేవాడి పాదాలు మాత్రం మిగిలాయి. సుగంధద్రవ్యాల వ్యాపారంతో ఎదిగిన ఊరికి అంతకు మించిన గుర్తు ఏముంటుంది?

ఖజానా అని పిలిచే కట్టడం నిజానికి సమాధి అని, అందులో ధనమేమీ ఉండేది కాదని పండితుల అభిప్రాయం. సుమారు 40 మీటర్ల ఎత్తున్న ఆ ముఖభాగాన్ని కొండలో పై నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. శిఖరాన ఉన్న కలశంలో నిధి ఉందన్న నమ్మకంతో బెదూయిన్లు అనే ఎడారి సంచారులు కాల్చిన తూటాల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. కలశం మాత్రం లోపలంతా గట్టి రాయే. ఇది తూర్పుముఖంగా ఉన్నందున ఉదయపు వెలుగులోనే దీని గులాబీ రంగు బాగా తేలుతుంది.

అక్కడి నుంచి రాతిలో తొలిచిన నాటకశాల, స్తంభాల వీధి చూసుకుంటూ ఆలయం వరకు వెళ్లండి. నబాటియన్ల రాజ్యం సామాన్య శకం 106లో రోమన్ల వశమైంది, 363లో వచ్చిన భూకంపం నగరాన్ని బాగా దెబ్బతీసింది. అక్కడ కూర్చుని మీరు తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పండి. అద్-దయిర్ మఠానికి మరో 800 మెట్లు ఎక్కాలి కాబట్టి ఈసారికి మానుకోండి. గాడిదల మీద ఎక్కిస్తామని అడిగేవారుంటారు గాని, అరిగిన మెట్ల మీద వాటి కాళ్లు జారుతుంటాయి. నేనైతే ఎక్కను.

టికెట్టు విషయానికొస్తే, జోర్డాన్‌లో బస చేసేవారికి ఒక రోజుకు 50 దీనార్లు, రెండు రోజులకు 55. సరిహద్దు దాటి వచ్చి అదే రోజు వెళ్లిపోయేవారికి 90 అవుతుంది గాని, మీది ఆ కోవలోకి రాదు. తేడా అయిదు దీనార్లే కనుక, మీవారిని ఒప్పించగలిగితే వాదీ మూసాలో ఒక రాత్రి ఉండి రెండో పొద్దున మిగిలింది చూడటం మేలు. ద్వారం నుంచి సిక్ ముఖం వరకు గుర్రం మీద తీసుకువెళ్లడం టికెట్టులోనే కలిసి ఉంటుంది, గుర్రపువాడు బహుమానం మాత్రం ఆశిస్తాడు.

ప్రశ్న: ఎడారిలో వానకు భయపడనక్కర లేదు కదా? గొడుగు మోయడం దండగ అని మా బావగారు అంటున్నారు.
- మరొక పాఠకుడు, గాజువాక

జవాబు: గొడుగు సంగతి మీ ఇష్టం గాని, భయపడవలసింది సరిగ్గా ఆ వానకే. చుట్టూ ఉన్న రాతికొండలు నీటిని పీల్చవు. ఎక్కడో పడిన వాన నిమిషాల్లో లోయలోకి ఉరుకుతుంది. 1963లో సిక్‌లోకి వచ్చిన వరదలో పర్యాటకులు పలువురు మరణించారు. వరదను పక్కకు మళ్లించడానికి నబాటియన్లు లోయ ముఖం దగ్గర ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తవ్వారు. ఆ దుర్ఘటన తరువాత ఆనకట్టను అదే చోట తిరిగి కట్టారు. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లేవారు ముందు రోజు వాతావరణ సూచన చూసుకోవాలి. ద్వారం దగ్గర సిబ్బంది ఈ రోజు వద్దంటే, టికెట్టు పోయినా సరే, వెనక్కి రావాలి.