పొటెన్షియల్ లెక్కలో పైథాగరస్ ఎందుకు వాడకూడదంటే

తమ్ముడూ, రెండు విద్యుత్ ఆవేశాలిచ్చి ఒక బిందువు దగ్గర పొటెన్షియల్ ఎంతో చెప్పమంటే దిశలు చూసుకుని కలపాలా, మామూలుగా కూడెయ్యాలా, నెగెటివ్ ఆవేశానికి మైనస్ పెట్టాలా వద్దా అని కదా నీ డౌటు. మామూలుగా కూడెయ్యి, మైనస్‌తో సహా. ఇదే లెక్కలో ఇంటర్ సెకండియర్ స్లిప్ టెస్టులో నాకు సున్నా వచ్చింది.

ఒక బిందువుకి 30 సెంటీమీటర్ల దూరంలో ప్లస్ 4 నానోకూలుంబ్‌లు, 60 సెంటీమీటర్ల దూరంలో మైనస్ 2, రెండూ ఆ బిందువు దగ్గర లంబకోణంలో ఉన్నాయి. లంబకోణం కనబడితే ఇంక చెయ్యి ఆగుతుందా? ఒక్కో ఆవేశం వల్ల విడిగా వచ్చే 120నీ 30నీ స్క్వేర్ చేసి, కూడి, రూట్ తీసి, 123.7 వోల్టులు అని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ఆ సాయంత్రం గాజువాకలో మా పక్కింటి అక్క, అప్పుడు బీఎస్సీ చదువుతుండేది, పేపర్ చూసి "ఏటిరా ఇది, పొటెన్షియల్‌కి బాణాలు గీశావు?" అంది. కరెంటు బిల్లు వెనక్కి తిప్పి దాని మీదే మొదలుపెట్టింది. "అదిశ అంటే ఏటి? దిక్కులేనిది. దిక్కులేనిదానికి పైథాగరస్ ఎందుకురా?" ఆ మాట తర్వాత ఆ తప్పు మళ్ళీ చెయ్యలేదు.

సూత్రం కేక్యూ బై ఆర్, క్యూ అంటే ఆవేశం, ఆర్ అంటే దూరం. కే విలువ 9 ఇంటూ 10 పవర్ 9, నానో అంటే 10 పవర్ మైనస్ 9, రెండూ కొట్టుకుపోతాయి, కాబట్టి ఆవేశం నానోల్లో, దూరం మీటర్లలో ఉంటే 9 ఒక్కటే మిగులుతుంది. 36 బై 0.3 అంటే 120. మైనస్ 18 బై 0.6 అంటే మైనస్ 30. మొత్తం 90 వోల్టులు, అంతే. దూరాన్ని మీటర్లలోకి మార్చకుండా 30తో భాగిస్తే 120 కాస్తా 1.2 అయిపోతుంది, అది వేరే ఏడుపు.

ఆర్ స్క్వేర్ వచ్చేది విద్యుత్ క్షేత్రానికి, అంటే అక్కడ పెట్టిన ఒక కూలుంబ్ మీద పడే బలానికి, దానికి దిశ ఉంటుంది. ఆ 4 నానోకూలుంబ్‌లనే తీసుకో, 30 నుంచి 60 సెంటీమీటర్లకి జరిగితే పొటెన్షియల్ 120 నుంచి 60కి సగమే అవుతుంది, క్షేత్రం మాత్రం 400 నుంచి 100కి, అంటే నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక్కటే బిందు ఆవేశం ఉన్నప్పుడు క్షేత్రాన్ని దూరంతో గుణిస్తే పొటెన్షియల్ రావాలి, 400 ఇంటూ 0.3 చూడు, 120. నేను పరీక్షలో ఇలాగే సరిచూసుకునేవాణ్ణి. రెండు ఆవేశాలుంటే మాత్రం ఈ చిట్కా పనిచెయ్యదు.

ఇంకోటి, ఈ 120 వోల్టులు ఎక్కణ్ణుంచి కొలిచినట్టు? కైలాసగిరి ఎత్తు చెప్పాలంటే కింద సముద్రమట్టం ఉంది మనకి. ఇక్కడ అనంత దూరంలో సున్నా అనుకున్నాం. అక్కణ్ణుంచి ఒక కూలుంబ్‌ని నెమ్మదిగా ఇక్కడికి తేవడానికి చేసే పనే ఈ అంకె. సింహాచలం కొండకి మెట్లెక్కి వెళ్ళినా ఘాట్ రోడ్డులో బండి మీద వెళ్ళినా గుడి ఎత్తు మారనట్టు, ఏ దారిన తెచ్చినా ఆ పని మారదు.

ఆ బిల్లు మీదే చివర్లో అక్క ఇంకో లెక్క వేసింది. అవే రెండు ఆవేశాలు 90 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మధ్యలో ప్లస్ నుంచి 60 దగ్గర పొటెన్షియల్ ఎంత అంది. ప్లస్ 60, మైనస్ 60, సున్నా. "అయితే క్షేత్రమూ సున్నాయేనా?" అంటే నేను టకీమని అవునన్నాను. అక్కడ క్షేత్రం 300, మైనస్ వైపుకి. బాణాలు అక్కడ గియ్యాలి.