ఒకేసారి మూడు బ్యాండ్లలో డ్రమ్స్ వాయించొచ్చా? దాని మీద బతకొచ్చా?

మీరు అడిగింది ఇదీ: రాయగడలో ఉంటారు, డ్రమ్స్ వాయిస్తారు. భువనేశ్వర్‌లో రెండు, విశాఖలో ఒకటి, సొంత పాటలు చేసుకునే ఇండీ రాక్ బ్యాండ్లు మిమ్మల్ని రమ్మంటున్నాయి. ఒకదానికే కట్టుబడాలా, మూడూ ఒప్పుకోవచ్చా, ఇల్లు గడుస్తుందా అని. నాది బరంపురం. చాలా ఏళ్లుగా ఇదే నా పని. మూడూ ఒప్పుకోండి. ఆ మూడింటి మీదే ఇల్లు గడుస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి.

ఒక్క డ్రమ్మర్ని నలుగురు పిలవడంలో వింతేమీ లేదు. గిటార్ అయితే మంచం మీద కూర్చుని నేర్చుకోవచ్చు. డ్రమ్ కిట్‌కి ఓ గది కావాలి, కొనడానికి డబ్బు కావాలి, ఆ చప్పుడు ఓర్చుకునే ఇరుగుపొరుగు కావాలి. అందుకే ఏ ఊళ్లో చూసినా గిటార్ వాయించేవాళ్లు బోలెడుమంది, డ్రమ్మర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. బయటి దేశాల్లోనూ అంతే. అమెరికాలో జానెట్ వైస్ 1996లో స్లీటర్-కిన్నీలో చేరేనాటికే క్వాసీ అనే ఇంకో బ్యాండ్‌లో వాయిస్తోంది. ఏళ్ల తరబడి రెండూ నడిపింది. 2006లో స్లీటర్-కిన్నీ కొన్నాళ్లు ఆగాక, క్వాసీని వదలకుండానే స్టీఫెన్ మాల్క్‌మస్ అనే గాయకుడి వెనకా, వైల్డ్ ఫ్లాగ్ అనే బ్యాండ్‌లోనూ వాయించింది. జాన్ వుర్‌స్టర్ అనే డ్రమ్మర్ 1991లో సూపర్‌చంక్ బ్యాండ్‌లో చేరాడు. అక్కడ ఉంటూనే ద మౌంటెన్ గోట్స్ అనే బ్యాండ్‌కీ, బాబ్ మోల్డ్ అనే గాయకుడికీ ఏళ్ల తరబడి వాయించాడు. వీళ్లని ఎవరూ నిలకడ లేనివాళ్లని అనలేదు.

డబ్బు సంగతి. సొంత పాటల బ్యాండ్‌కి కెఫేలో షో దొరికితే వచ్చేది నలుగురైదుగురు పంచుకోవాలి. రైలు ఖర్చులూ, రిహార్సల్ గది అద్దె కూడా పోతే చేతికి మిగిలేది తక్కువ. నన్ను నిలబెట్టింది మెలోడీ స్టేజీలు, అంటే పందిళ్లలో, పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలు. వినాయక చవితి నుంచి కాళీపూజ దాకా గంజాం అంతటా పందిళ్లలో పని ఉంటుంది, ఆ తరవాత పెళ్లిళ్లు. అక్కడ కిట్‌తో పాటు ఆక్టోప్యాడ్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కూడా వాయించాలి. ఒడియా పాట, తెలుగు పాట, హిందీ పాట, ఏది అడిగితే అది. కొందరు ఇండీ కుర్రాళ్లు మెలోడీని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. రాత్రంతా పాట ఆపకుండా, టెంపో (పాట వేగం) జారకుండా వాయించే ఓపిక నాకు వచ్చింది ఆ పందిళ్లలోనే. వానాకాలం మాత్రం ఖాళీ. ఆ నెలలకి పిల్లలకి క్లాసులు పెట్టుకోండి.

ఇక అసలు విషయం. చాలా బ్యాండ్లలో వాయించడమంటే ఒకే వాయింపుని చాలా చోట్లకి మోసుకెళ్లడం కాదు. ప్రతి బ్యాండ్‌కీ కాలం నడిచే తీరు వేరు. నేను వాయించే రెండు బ్యాండ్లలో సరిగ్గా ఒకే టెంపో పాటలున్నాయి, నిమిషానికి 92 బీట్లు. భువనేశ్వర్ బ్యాండ్‌లో పాడే అమ్మాయి మాటని సాగదీసి, కాస్త ఆలస్యంగా వదులుతుంది. ఆమె వెనక స్నేర్ (టక్‌మని పలికే చిన్న డ్రమ్) కచ్చితంగా క్లిక్ (చెవిలో టెంపో చెప్పే టిక్‌టిక్) మీద పడితే, వెనకనుంచి తోస్తున్నట్టు ఉంటుంది. అందుకని అక్కడ హై-హ్యాట్‌ని (కాలితో మూసి తెరిచే జంట తాళాల్ని) క్లిక్ మీదే ఉంచి, స్నేర్ దెబ్బని వెంట్రుకవాసి వెనక్కి వేస్తాను. విశాఖ బ్యాండ్‌లో బాస్ వాయించే అతను ముందుకు లాగుతాడు. అక్కడ స్నేర్ వెనకపడితే ఇద్దరికీ పడనట్టు వినిపిస్తుంది. కిక్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌ని) అతని నోటుకి అతికించేసి, స్నేర్‌ని సూటిగా కొడతాను. ఇందులో ఏదీ రాతలో ఉండదు. రిహార్సల్‌లో మొదటి గంటసేపు ఫిల్స్ (మధ్యమధ్య వేసే విసుర్లు) ఏమీ లేకుండా సాదా బీట్ వాయిస్తూ, ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో వింటే తెలుస్తుంది.

ఎదుటివాళ్లని బట్టి వాయించే ఈ చూపు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరలో పులివేషాలు వస్తాయి కదా. ఈసారి వేషాన్ని కాకుండా వెనక డోలు కొట్టేవాళ్లని చూడండి. వాళ్ల కళ్లు డోలు మీద ఉండవు, పులి అడుగు మీద ఉంటాయి. అడుగు ఆగితే దెబ్బ ఆగుతుంది.

పాటలు కలగాపులగం కాకుండా బ్యాండ్‌కో నోటుబుక్కు పెట్టుకోండి. నొటేషన్ అంతా అక్కర్లేదు. టెంపో, పల్లవి ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు), చరణం ఎన్ని, ఎక్కడ ఆగాలి, ఎలా ముగుస్తుంది, ఇంతే. నేను మొట్టమొదట రాసుకునేది ముగింపు. మధ్యలో ఏది జారినా సర్దుకోవచ్చు, ముగింపు తప్పితే హాలంతటికీ తెలిసిపోతుంది.

ప్రయాణానికి కిట్ మొత్తం మోయక్కర్లేదు. వేదిక దగ్గర డ్రమ్స్, స్టాండ్లు ఉంటాయా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మీ సింబల్స్ (పళ్లేల్లాంటి తాళాలు), స్నేర్, కిక్ పెడల్ మాత్రం మీవే తీసుకెళ్లండి. మీకు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాయగడ నుంచి భువనేశ్వర్‌కి నేరుగా ఉంది. సింబల్ బ్యాగు బెర్త్ కింద పడుకోబెట్టకండి, తల దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట, ఇది మొహమాటపడకుండా చెయ్యాలి. మూడు బ్యాండ్లకీ మూడింటి సంగతీ తెలియాలి. ఎవరు ముందు తేదీ అడిగితే ఆ తేదీ వాళ్లది. తరవాత ఎంత పెద్ద షో వచ్చినా మార్చకండి. మీరు రాలేని రోజుకి ఇంకో డ్రమ్మర్ పేరు మీరే చెప్పి, మీ నోటుబుక్కు అతనికి ఇవ్వండి. నాకు పని ఎక్కువగా వచ్చింది ఇలా తోటి డ్రమ్మర్లు నా పేరు చెప్పడం వల్లే.

రికార్డింగ్ అయితే హక్కుల సంగతి స్టూడియోకి వెళ్లకముందే మాట్లాడండి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో, వాయించినవాళ్లకి కూడా ఆ ప్రదర్శనని వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ అడిగే హక్కు వచ్చింది. పాట కట్టినవాళ్ల వాటా వేరు. డ్రమ్మర్ పేరు అందులోకి దానంతటదే రాదు. మీ బీట్ మీదే పాట పుట్టి ఉంటే స్వరకర్తల్లో మీ పేరూ ఉండాలని అడగండి, ఎవరికి ఎంత శాతమో కాగితం మీద రాయించుకుని సంతకాలు తీసుకోండి. స్నేహం బాగున్నప్పుడే ఈ మాట తేలిగ్గా తెములుతుంది.

చెవులు. మూడు బ్యాండ్లంటే మూడింతల చప్పుడు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలే క్షేమమనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుందనీ అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ లెక్క. అంటే 100 దగ్గర పావుగంటే. చిన్న గదిలో క్రాష్ అనే పెద్ద సింబల్ కొడితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. దూది పనికిరాదు. సంగీతం వాయించేవాళ్ల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మొదటి రిహార్సల్‌కి ముందే తెప్పించుకోండి.