అడగండి, చెబుతాను: ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుంటేనే ఛేంజప్ దొరుకుతుంది

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి పన్నెండేళ్లు, రెండేళ్లుగా లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఫాస్ట్‌బాల్ బాగానే కొడతాడు కానీ, ఈ సీజన్‌లో అవతలి జట్ల పిల్లలు ఛేంజప్ (ఫాస్ట్‌బాల్ లాగే విసిరే నెమ్మది బంతి) వేయడం మొదలుపెట్టాక ప్రతిసారీ బంతి రాకముందే బ్యాట్ తిప్పేసి ఔటవుతున్నాడు. నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి కంచె అవతల నుంచి "బంతిని చివరిదాకా చూడు నాన్నా" అని అరుస్తుంటాను. వాడేమో కారెక్కగానే "చూస్తూనే ఉన్నా డాడీ" అని ఏడుస్తాడు. పెద్ద ఆటగాళ్లు ఏ బంతి వస్తుందో ఎలా కనిపెడతారు?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: మీ అబ్బాయి నిజమే చెబుతున్నాడండీ, ముందు వాణ్ని దగ్గరకు తీసుకుని ఆ మాట అనండి. బంతిని చివరిదాకా చూడటం అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగ్ వాళ్లకే సాధ్యం కాదు. 1984లో టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ అనే పరిశోధకులు బ్యాటర్ల కంటి కదలికలు కొలిచారు. అందులో ఒక ప్రొఫెషనల్ ఆటగాడి చూపు కూడా బంతి ఇంకా ఐదారడుగుల దూరంలో ఉండగానే వెనకబడిపోయింది.

లెక్క చూడండి. బంతి విసిరే పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. అతను ముందుకు అంగ వేసి విసురుతాడు కాబట్టి బంతి చేయి వదిలేది దాదాపు 55 అడుగుల దగ్గర. గంటకు 95 మైళ్లు, అంటే సుమారు 153 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి ఆ దూరం 0.4 సెకను పని. బ్యాట్ తిప్పడానికే 0.15 సెకను పోతుంది. కన్ను చూసింది మెదడుకు అంది, అక్కణ్నుంచి ఒంటికి ఆజ్ఞ చేరడానికి ఇంకొంత. కాబట్టి బంతి సగం దూరం దాటేసరికల్లా కొట్టాలా వద్దా అనేది తేలిపోవాలి. మీవాడి మైదానంలో పిచర్ 46 అడుగుల నుంచే వేస్తాడు, కాబట్టి 65 మైళ్ల బంతికి కూడా వాడికి అర సెకను దొరకదు. ఇంత తక్కువ టైమ్‌లో చూసి, ఆలోచించి, అప్పుడు కొట్టడం ఎవరివల్లా కాదు. ముందే ఒక అంచనాతో నిలబడతారు, బంతి వస్తుండగా ఆ అంచనాని సర్దుకుంటారు.

ఆ అంచనా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే 2004లో జరిగిన ఒక సరదా మ్యాచ్ చెప్పాలి. ఆల్బర్ట్ పుహోల్స్, మైక్ పియాజా, బ్రయన్ జైల్స్, ముగ్గురూ అప్పటికి పిచర్లను హడలెత్తిస్తున్నవాళ్లు. సాఫ్ట్‌బాల్ పిచర్ జెన్నీ ఫించ్ ఆ ముగ్గురినీ స్ట్రైకౌట్ చేసింది, అంటే మూడేసి స్ట్రైక్‌లతో ఔట్ చేసింది. ఆమె 43 అడుగుల నుంచి, చేతిని కింది నుంచి తిప్పి వేస్తుంది. బంతి పెద్దది, మైళ్ల లెక్కలో వేగం వాళ్లు రోజూ ఆడేదానికంటే తక్కువ. మరి ఎందుకు తగల్లేదు? వాళ్లు ఏళ్ల తరబడి పోగుచేసుకున్నదంతా భుజం మీదుగా వచ్చే చేతికి సంబంధించినది. మోచేయి ఎంత ఎత్తులో ఉంది, మణికట్టు ఎలా తిరిగింది, వేళ్ల నుంచి బంతి పైకి లేచి వచ్చిందా, సూటిగా వచ్చిందా అనేవే వాళ్ల ఆనవాళ్లు. చేయి కింది నుంచి వచ్చేసరికి అవన్నీ పనికిరాకుండా పోయాయి.

అసలైన పిచర్ ఎదురుగా ఉంటే ఆ గుర్తులు బోలెడు. వంగి కిందికి దిగే కర్వ్‌బాల్ చేయి వదలగానే ఫాస్ట్‌బాల్ దారికంటే కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది. పక్కకి జారే స్లైడర్ సంగతి నాకు భలే ఇష్టం. బేస్‌బాల్ మీద ఎర్రదారంతో 108 కుట్లు ఉంటాయి కదా, స్లైడర్ తిరిగేటప్పుడు దాని ఇరుసు దాదాపు బ్యాటర్ వైపే చూస్తుంది, అప్పుడు ఆ కుట్లన్నీ కలిసి తెల్లటి బంతి మీద కుంకుమబొట్టు పెట్టినట్టు ఒక చిన్న ఎర్రచుక్క కనిపిస్తుంది. మంచి బ్యాటర్లు ఆ బొట్టు చూసి స్లైడరని పసిగట్టి వదిలేస్తారు. ఇక ఫాస్ట్‌బాల్ వెనక్కి తిరుగుతూ వస్తుంది కాబట్టి కన్ను అనుకున్నంత కిందికి దిగదు, అందుకే "బంతి పైకి లేచింది" అంటారు. నిజానికి అది లేవదు, తక్కువ దిగుతుందంతే.

మీవాడి చిక్కు వేరు. ఛేంజప్‌కు బొట్టూ లేదు, ఎగురుడూ లేదు. అదే చేయి, అదే ఊపు. బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకోవడం వల్ల వేగం మాత్రం పెద్దల ఆటలో 8, 10 మైళ్లు పడిపోతుంది. 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ ప్లేట్ చేరే క్షణానికి 85 మైళ్ల ఛేంజప్ ఇంకా దాదాపు ఆరడుగుల దూరంలో ఉంటుంది. బ్యాటర్ బ్యాట్ ఆ ఆరడుగుల ఖాళీలోంచి వెళ్లిపోతుంది.

అలాగని ఛేంజప్ కోసం ఎదురుచూడమని మాత్రం చెప్పకండి. పిచర్ నుంచి రాగల అతి వేగమైన బంతికి టైమ్ చేసుకుని నిలబడాలి. వేగానికి సిద్ధంగా ఉన్నవాడు నెమ్మదికి ఆగగలడు, నెమ్మదికి సిద్ధపడ్డవాడు వేగాన్ని అందుకోలేడు. ఆగడమంటే ఒళ్లంతా బిగబట్టడం కాదు. ముందుకాలు ఫాస్ట్‌బాల్ టైమ్‌కే నేలకు తగులుతుంది, చేతులు మాత్రం వెనక భుజం దగ్గరే ఉండిపోతాయి, బరువు వెనక తొడ మీద ఉంటుంది. నెమ్మదైన బంతి అని తెలిసినప్పుడు ముందు మోకాలు కాస్త వంగి ఆ క్షణాన్ని మింగేస్తుంది, తర్వాతే చేతులు కదులుతాయి. మీవాడు ఔటైన బంతుల వీడియో ఉంటే కాలు దిగిన చోట ఆపి చూడండి. కాలితో పాటే చేతులూ వచ్చేసి ఉంటాయని నా నమ్మకం.

పెరట్లో నెట్ కట్టి, దాని వెనక మీరు కూర్చుని, ఏది వేస్తున్నారో చెప్పకుండా కొన్ని గట్టిగా, కొన్ని మెల్లగా వేయండి. మొదటి పది నిమిషాలు బ్యాట్ తిప్పొద్దనండి. కాలు వేసి, "వేగం", "నెమ్మది" అని పైకి అనాలి, అంతే. ఆ మాట బంతి సగం దూరంలో ఉండగా నోట్లోంచి రావడం మొదలయ్యాకే కొట్టనివ్వండి. మైదానంలో తన వంతు కోసం నిలబడ్డప్పుడు కూడా ఊరికే బ్యాట్ ఊపొద్దు. అవతల పిచర్ చేయి ఎత్తినప్పుడల్లా తనూ కాలు ఎత్తి, బంతి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) చేతిలో పడేలోపు టైమ్ పట్టుకోవాలి. మ్యాచ్‌కు వెళ్తే మేజర్ లీగ్ వాళ్లను గమనించండి, డగౌట్ బయట నిలబడి ఇదే చేస్తుంటారు.

ఇంకొకటి, కౌంట్, అంటే బాల్స్, స్ట్రైక్‌ల లెక్క. కొట్టే పరిధి బయట పడి బ్యాటర్ వదిలేసిన బంతి బాల్, కొట్టబోయి తప్పినదీ, పరిధిలో పడ్డా వదిలేసినదీ స్ట్రైక్. మూడు బాల్స్, ఒక స్ట్రైక్ ఉన్నప్పుడు పిచర్‌కు టెన్షన్, ఇంకో బాల్ వేస్తే బ్యాటర్ ఉత్తపుణ్యానికి ఫస్ట్ బేస్‌కు వెళ్లిపోతాడు, కాబట్టి తనకు నమ్మకమైన ఫాస్ట్‌బాల్ వేసే అవకాశం ఎక్కువ. దానికోసం కాచుకోవచ్చు. రెండు స్ట్రైక్‌లు పడ్డాక కథ మారుతుంది, బ్యాట్ కాస్త పైకి పట్టుకుని ఊపు తగ్గించుకోవాలి, అనుమానంగా ఉన్న బంతిని ఫౌల్ కొట్టి, అంటే హద్దు గీతల బయటికి కొట్టి బతికిపోవాలి. మేజర్ లీగ్ బ్యాటర్ టోనీ గ్విన్ 20 సీజన్లు ఆడి .338 సగటు (వెయ్యి ప్రయత్నాలకు 338 హిట్లు) సాధించాడు, అన్నేళ్లలో స్ట్రైకౌట్ అయింది 434 సార్లు. అతను 1980లలోనే తన బ్యాటింగ్ వీడియో టేపులు వేసుకుని చూసేవాడు. కాబట్టి మీరు ఫోన్‌లో తీయడంలో తప్పేం లేదు, కానీ వాడు అడిగినప్పుడే చూపించండి.

ప్రశ్న: బేస్‌బాల్‌లో అన్నీ ఫుల్‌టాస్‌లే కదా, నేల మీద పడి తిరిగే బంతిని ఆడే మన క్రికెటర్ల ముందు అదెంత?
– విజయవాడ పాఠకుడు

జవాబు: నేనూ ఒకప్పుడు ఇలాగే వాదించాను. ఇప్పుడు అనను. క్రికెట్ బ్యాట్ వెడల్పు 4.25 అంగుళాలు, ముందు వైపు చదును. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రం, ఎంత లావున్నా 2.61 అంగుళాలు దాటకూడదు. బంతి దానికంటే కొంచెం లావు! గుండ్రటిదాన్ని గుండ్రటిదానితో కొట్టాలి, అదీ ముందున్న 90 డిగ్రీల లోపలే పడాలి, మూడు స్ట్రైక్‌లలోపే తేల్చుకోవాలి. క్రికెట్‌లో ఆఫ్‌స్టంప్ బయటి బంతుల్ని గంటసేపు వదిలేసినా ఎవరూ ఔటివ్వరు.

తిరిగే బంతి కష్టం వేరే జాతి, దాన్ని తక్కువ చేయను. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదీ లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు, షేన్ వార్న్ లెగ్‌స్టంప్ బయటి గరుకులో వేసిన బంతుల్ని క్రీజు వదిలి ముందుకొచ్చి కవర్స్ వైపు కొట్టడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లాయిడ్ చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, మంచి క్రికెట్ బ్యాటర్ కన్ను దారంతా బంతి వెంట పోదు, అది పడబోయే చోటికి ముందే దూకి కాచుకుంటుంది. మన వాళ్లూ ముందే అంచనా వేస్తున్నారన్నమాట.

ప్రశ్న: చెత్తడబ్బా కొట్టి వరల్డ్ సిరీస్ గెలిచారంటారు, నిజమా?
– హన్మకొండ పాఠకురాలు

జవాబు: డబ్బా కొట్టింది నిజమమ్మా. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు వాళ్లు మైదానం మధ్య వెనకనుండే కెమెరాతో, ఏ బంతి వేయాలో అవతలి క్యాచర్ తన పిచర్‌కు చేసే వేళ్ల సైగలు చూసి, డగౌట్ పక్కనున్న చెత్తడబ్బాను బాదేవారు. మోత వినిపిస్తే కర్వ్‌బాల్, ఛేంజప్ లాంటి నెమ్మది బంతి, మోత లేకపోతే ఫాస్ట్‌బాల్. ఆ ఏడు మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ వాళ్లదే. గెలుపులో డబ్బా వాటా ఎంతో కొలిచి చెప్పడం కుదరదు, నాకు మాత్రం అది పచ్చి మోసం. 2020 జనవరిలో మేజర్ లీగ్ 50 లక్షల డాలర్ల జరిమానా వేసి, మేనేజర్ ఎ.జె.హించ్‌ను, జనరల్ మేనేజర్ జెఫ్ లూనోను ఏడాది సస్పెండ్ చేసింది. జట్టు ఇద్దరినీ ఇంటికి పంపేసింది.

2022 నుంచి పిచ్‌కామ్ అనే పరికరం వచ్చింది. క్యాచర్ బటన్ నొక్కితే ఏ బంతో పిచర్‌కు టోపీలో వినిపిస్తుంది, దొంగిలించడానికి వేళ్ల సైగ ఉండదు. పిచర్ ఛేంజప్ పట్టు కోసం గ్లవ్‌లో చేయి కాస్త ఎక్కువసేపు కదిపాడా, గ్లవ్ వెడల్పుగా తెరుచుకుందా అని బ్యాటర్ తన కళ్లతో చూసి పట్టుకుంటే మాత్రం ఎవరూ తప్పనరు, ఇప్పటికీ అందరూ చూసేది అదే.