మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ మూడు లక్షలకు కొనాలా?

ప్రశ్న: మాది సత్తెనపల్లి. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతాను. మా అబ్బాయి 2024లో బి.టెక్ సీఎస్ఈ పూర్తిచేశాడు. 7.4 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ లేవు. క్యాంపస్‌లో ఏదీ రాలేదు. ఏడాది దాటింది, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి జావా ఫుల్‌స్టాక్ అనే ప్రోగ్రామింగ్ కోర్సు నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూ కాల్సే రావడం లేదు. మా అన్నగారి అబ్బాయికి 2021లో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తే ఇట్టే వచ్చింది. వాడి మార్కులు మావాడికంటే తక్కువ కూడాను. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తాం, మూడు లక్షలవుతుంది అంటున్నారు. పదివేలు అడ్వాన్సు ఇచ్చాను. మావాడేమో తొంభై వేలు కట్టి జెన్ ఏఐ, అదే చాట్‌జీపీటీ లాంటి వాటి కోర్సు చేస్తానంటాడు. వాళ్లమ్మ పొలం బ్యాంకులో పెట్టి అమెరికాకు ఎం.ఎస్.కి పంపుదామంటోంది. మూడింట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మూడింటినీ పోలుస్తాను. కానీ అంతకంటే ముందు ఒక మాట. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మూడు లక్షల సంగతి కాదు, మధ్యలో మీరు రాసిన ఆ 'ఇట్టే వచ్చింది' అన్న మాట. ఈ మాట లేని ఉత్తరం ఈ ఏడాది నాకు ఒక్కటి కూడా రాలేదు. అన్న కొడుకో, పక్కింటి అమ్మాయో, కాలేజీలో సీనియరో, ఎవరో ఒకరికి ఇట్టే వచ్చి ఉంటుంది. దాని వెనక మీరు అడగలేకపోయిన ప్రశ్న నాకు తెలుసు. 'నా కొడుకు పనికిరానివాడా?' అన్నదే కదా?

పనికిరానివాడు కాదు. మీ అన్నగారి అబ్బాయి గొప్పవాడూ కాదు. అతను గొప్ప సంవత్సరంలో పాసయ్యాడు, అంతే. కరోనా రోజుల్లో ప్రపంచమంతా ఆన్‌లైన్‌కి మారింది, అమెరికాలో వడ్డీలు సున్నా దగ్గర ఉన్నాయి, అమెరికా కంపెనీలు మన కంపెనీలకు పనులు కుమ్మరించాయి. 2021-22లో ఒక్క టీసీఎస్సే లక్షమంది ఫ్రెషర్లను తీసుకుంది, ఇన్ఫోసిస్ 85 వేలమందిని. కీబోర్డు ముట్టుకున్నవాడికల్లా ఆఫర్ అన్నట్టు ఉండేది. తర్వాత అమెరికాలో వడ్డీలు పెంచుకుంటూ పోయారు. 2023 జులైకల్లా ఐదుంపావు శాతం దాటాయి. అక్కడి బ్యాంకులు, రిటైల్ కంపెనీలు కొత్త ప్రాజెక్టులు వాయిదా వేసుకున్నాయి. 2023-24 ముగిసేసరికి టీసీఎస్‌లో మొత్తం ఉద్యోగులు 13,249 మంది తగ్గారు. 2004లో షేర్ మార్కెట్లోకి వచ్చాక ఆ కంపెనీలో ఏడాది మొత్తానికి సంఖ్య తగ్గడం అదే మొదలు. ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలమంది తగ్గారు. మీవాడు ఫైనల్ ఇయర్లో క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం టై కట్టుకుని కూర్చున్నది సరిగ్గా ఆ ఏడాదే.

మీరు ఎరువుల వ్యాపారి. వానలు పడని ఖరీఫ్‌లో యూరియా అమ్ముడుపోలేదని గుమాస్తాని తిడతారా? మరి అబ్బాయిని రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి 'ఏమైంది' అని ఎందుకు అడుగుతున్నారు? మీరు ఆ మాట రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు, హాస్టల్ పిల్లలు చెబుతారు. తొమ్మిదయ్యేసరికి వాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టి మెట్ల మీద కూర్చుంటారు. ఒక కుర్రాడు నాతో అన్నాడు, "ఇంటర్వ్యూలో ఫెయిలైతే బాధ లేదు సార్, మా నాన్న 'సర్లే' అని ఫోన్ పెట్టేస్తాడే, దానికే భయం" అని. మీ అబ్బాయి కాదులెండి. అయినా ఒకసారి ఆలోచించండి.

ఇక మూడు లక్షల సంగతి. ఇందులో నాకు రెండో ఆలోచనే లేదు. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో విన్నాక మీకూ ఉండదు. కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర కాగితం మీద రెండు మూడు కంపెనీలుంటాయి. ఒక వెబ్‌సైట్, ఒక గది, హెచ్ఆర్ అని ఒక ఫోన్ నంబరు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ముద్రించి ఇస్తారు. ఇంటర్వ్యూలో వెనక నుంచి ఇంకొకడు జవాబులు చెబుతాడు, మీవాడు పెదాలు కదపాలి. 'పీఎఫ్‌తో కావాలంటే ఇంకో లక్ష' అంటారు. ఎందుకంటే కొత్త కంపెనీ వాళ్లు వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ (పీఎఫ్ నంబరు మీద ఎక్కడెక్కడ పనిచేశాడో చూపే జాబితా), 26ఏఎస్ (జీతంలో కోసిన పన్ను వివరాల కాగితం) అడుగుతున్నారు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ నెల జీతానిదో ఒక చోట, డబ్బు జమైన తేదీ ఇంకో చోట పడతాయి. మూడేళ్ల పీఎఫ్ మొత్తం నిన్నగాక మొన్న జమైనట్టు కనిపిస్తే చూసేవాడికి చాలదా?

చాలాసార్లు దొరికేది చేరిన రెండు మూడు నెలలకు. అప్పటికి మీ డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, బ్యాడ్జ్ వెనక్కి తీసుకుంటారు, ఆ కంపెనీ తలుపు మళ్లీ తెరుచుకోదు. దొరకనివాళ్లూ ఉన్నారు, అబద్ధమాడను. కానీ వాళ్ల పరిస్థితీ చెబుతాను. మూడేళ్ల అనుభవం ఉందనుకుని టీమ్ లీడ్ ఒక మాడ్యూల్ మొత్తం అప్పగిస్తాడు. వీడికి లాగ్స్, అంటే ప్రోగ్రాం ఏం చేసిందో నమోదయ్యే ఫైళ్లు, ఎక్కడుంటాయో కూడా తెలియదు. రాత్రి ఒంటిగంటకు స్నేహితుడికి స్క్రీన్ షేర్ చేసి, నెలకి ఇంత అని డబ్బు కట్టి పని చేయించుకుంటాడు. దాన్ని 'జాబ్ సపోర్ట్' అంటారు. జీతంలో సగం దానికే పోతుంది. ఇదంతా కన్నకొడుకు చేత డబ్బిచ్చి మరీ చేయించాలా, మీరే చెప్పండి.

జెన్ ఏఐ కోర్సు విషయంలో మాత్రం నేను ఇంత గట్టిగా చెప్పలేను. నా అనుమానాలేమిటో చెబుతాను, మీరూ అబ్బాయీ తేల్చుకోండి. నేను అమీర్‌పేట మైత్రీవనం గోడల మీద కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు పాతికేళ్లుగా చూస్తున్నాను. మెయిన్‌ఫ్రేమ్స్ పోయి జావా వచ్చింది, తర్వాత శాప్, హడూప్, ఆర్పీఏ, బ్లాక్‌చైన్. అక్కడి సత్యం థియేటర్ కూడా పోయి మల్టీప్లెక్స్ వచ్చింది, ఫ్లెక్సీలు మాత్రం అక్కడే ఉన్నాయి, పేరు మారుతోంది అంతే. ప్రతి ఫ్యాషన్లోనూ ముందొచ్చిన కొందరు బాగుపడ్డారు. ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లే.

2022లో నేనే ఇద్దరు పిల్లలకు డేటా సైన్స్ చేయమని చెప్పాను. ఇద్దరూ నాలుగు నెలలు కష్టపడ్డారు. ఇద్దరి రెజ్యూమెల్లోనూ, కోర్సులో అందరిచేతా చేయించే, టైటానిక్ ఓడలో ఎవరు బతికారో ఊహించే ప్రాజెక్టే ఉంది. తర్వాత నాకొచ్చిన రెజ్యూమెల్లో ఆ ఓడ ఎన్నిసార్లు మునిగిందో లెక్కలేదు. ఫ్రెషర్‌ని ఆ పనికి తీసుకునే కంపెనీలు తక్కువ, తీసుకున్నా గణితం, స్టాటిస్టిక్స్ లోతుగా అడుగుతారు. ఇద్దరిలో ఒకమ్మాయి చివరికి టెస్టింగ్‌లో చేరింది. సంతోషంగానే ఉంది గానీ ఆ నాలుగు నెలలు నా సలహా వల్లే పోయాయి.

ఇంకో చిక్కుంది. ఒకప్పుడు ఫ్రెషర్ చేతిలో పెట్టే చిన్నచిన్న పనులు, టెస్ట్ కేసులు రాయడం, చిన్న బగ్ సరిచేయడం లాంటివి ఇప్పుడు ఆ ఏఐ టూల్సే కొంత చేసేస్తున్నాయి. కాబట్టి అబ్బాయి వాటిని వాడటం నేర్చుకోవాల్సిందే. కానీ అందుకు తొంభై వేలు అక్కర్లేదు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలనుకుంటేనే ఫీజు, అది వెయ్యి రూపాయలు. 'నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని రాసిన కాగితాన్ని మరోసారి చదవండి. అసిస్టెన్స్ అన్నాడు గానీ ప్లేస్‌మెంట్ ఇస్తానన్లేదు.

అమెరికా గురించి ఒక్క ముక్క. ఎం.ఎస్. అయ్యాక ఓపీటీ (చదివినవాళ్లు అక్కడ పనిచేసుకునేందుకు ఇచ్చే అనుమతి) మొదటి ఏడాదిలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అక్కడి మార్కెట్ నీరసంగా ఉండబట్టే ఇక్కడ ఇలా ఉంది. ఆ చదువు మీద ప్రేమతో వెళ్తానంటే వేరే మాట. ఇక్కడ ఉద్యోగం రాలేదు కాబట్టి అక్కడికి అంటే పొలం తాకట్టు పెట్టే కారణం కాదది. మీ ఆవిడకు నా మాటగా చెప్పండి.

మరి ఏం చేయాలి? నెలరోజుల కిందట అచ్చం మీవాడిలాంటి కుర్రాడికి నేను మాక్ ఇంటర్వ్యూ చేశాను. ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్ నుంచి వివరాలు తీసే భాషలో, రెండో అత్యధిక జీతం ఎలా తీస్తావ్ అన్నాను. టకటకా రాసేశాడు. సరే, ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ రెండో అత్యధిక జీతం తియ్యి అన్నాను. పెన్ను అక్కడే ఆగిపోయింది. తర్వాత రెజ్యూమె చూశాను. 'హోటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' అని ఉంది. ఒకే గదిని ఇద్దరు ఒకేసారి బుక్ చేస్తే నీ ప్రోగ్రాం ఏం చేస్తుందన్నాను. "అది టీమ్ ప్రాజెక్ట్ సార్, నేను డాక్యుమెంటేషన్" అన్నాడు. తెలివైన కుర్రాడే. చేతిలో సొంత పని లేదు, అంతే.

మీవాడికి ఆ సొంత పని మీ షాపులోనే ఉంది. సబ్సిడీ ఎరువులకు పాస్ మిషన్ ఉంది సరే, మరి మీ అరువు ఖాతా? ఎర్ర పుస్తకంలోనేగా? ఏ రైతుకి ఏ పంటకి ఎంత ఇచ్చారు, మిర్చి అమ్మాక ఎంత కట్టాడు, ఏ పురుగుమందు బ్యాచ్ ఏ నెలలో ఎక్స్‌పైరీ, కంపెనీకి ఎప్పుడు వాపసు పంపాలి. అబ్బాయిని వారం రోజులు ఇంటికి రమ్మని ఆ పుస్తకం చేతికివ్వండి. నేర్చుకున్న జావాతోనే అది కట్టమనండి. మొదటి వారమే మీ ఇద్దరికీ గొడవ వస్తుంది. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లుంటే ఎలా గుర్తుపట్టాలి అని. ఆ గొడవే రేపు ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడేందుకు సరుకు. దానికి జవాబు ఏ కోచింగ్ సెంటర్లోనూ బట్టీ పట్టించరు.

దాంతోపాటు దరఖాస్తులు డెవలపర్ పోస్టులకే పరిమితం చేయొద్దనండి. అప్లికేషన్ సపోర్ట్, టెస్టింగ్, సర్వీస్ డెస్క్, ఆసుపత్రుల్లోనూ స్కూళ్లలోనూ సాఫ్ట్‌వేర్ పెట్టే విజయవాడ, గుంటూరు చిన్న కంపెనీలు, కేంద్రం నాట్స్ పోర్టల్లో ఏడాది అప్రెంటిస్‌షిప్పులు. జీతం తక్కువే ఇస్తారు, నైట్ షిఫ్ట్ ఉంటుంది. మీ అన్నగారి ముందు చెప్పుకోవడానికి మీకు నామోషీగా ఉండొచ్చు, అది మీ సమస్య. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డాక, ఆఫర్ లెటర్ ఉండి జాయినింగ్ తేదీ లేని పిల్లలు నా దగ్గరికి వరసగా వచ్చేవాళ్లు. అందులో ఒకడు ఖమ్మంలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఏడు వేలకు చేరాడు. ప్రింటర్లు బాగుచేస్తూ, బిల్లు తేడా వచ్చినప్పుడల్లా డేటాబేస్ వెతుకుతూ ఏడాదిన్నర గడిపాడు. వాళ్లమ్మ నన్ను చాలా తిట్టింది. తర్వాత హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే అతన్ని పుస్తకం ప్రశ్నలు అడగనే లేదు, ఆ బిల్లులో తేడా ఎలా పట్టుకున్నావో చెప్పు అన్నారట.

ఎన్నాళ్లు పడుతుందని అడగొద్దు. ఆర్నెల్లు కావచ్చు, ఏడాది కావచ్చు. క్యాంపస్ పోయినంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు, 7.4 చిన్న మార్కూ కాదు. ఎర్ర పుస్తకం పని మొదలయ్యాక రెజ్యూమె నాకు పంపించమనండి, నేను స్వయంగా చూస్తాను. ఆ టైటానిక్ ఓడ మాత్రం తీసేసి పంపమనండి.

కన్సల్టెన్సీకి ఇచ్చిన పదివేలు వెనక్కి రావు. అడగడానికి కూడా వెళ్లకండి, వెళ్తే ఇంకో యాభై వేలు కట్టించుకుని పంపిస్తారు.