పిచ్చుకల లెక్కకు బయల్దేరే ముందు

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిచ్చుకలు తగ్గిపోవడానికి సెల్ టవర్ల రేడియేషన్ కారణమో కాదో తేల్చడానికి సర్వేకి దిగుతున్నావట. నిన్న మీ అమ్మ చెప్పగానే ఎంత మురిసిపోయానో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్లో నాలుగు ముక్కలు చెబితే తీరదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. తెల్లవారాక మొదటి రెండు గంటల్లోనే లెక్కపెట్టు. వాన పడుతున్నా, గాలి జోరుగా ఉన్నా ఆ రోజు మానెయ్. ఒక్క పిట్టా కనబడని చోట సున్నా వెయ్యి, గడి ఖాళీగా వదలకు.

అసలు చెప్పాల్సింది ఇది. చాలా ఏళ్ల కిందట, నాతోపాటు పక్షుల్ని చూడటానికి వచ్చే ఒక స్నేహితుడు ఇదే పని తలపెట్టాడు. టవర్ నుంచి దూరం కొలిచి, దగ్గరైతే రేడియేషన్ ఎక్కువ, దూరమైతే తక్కువ అని రాసుకుంటూ పోయాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ యాంటెన్నా సిగ్నల్‌ని నేరుగా కిందికి పంపదు. కొంచెం కిందికి వాలి, దాదాపు అడ్డంగా దూరానికి పంపుతుంది. అందుకే టవర్ మొదట్లో కంటే కాస్త దూరంలో ఉన్న ఇంటి పై అంతస్తుకే సిగ్నల్ గట్టిగా తగలొచ్చు. మధ్యలో గోడ అడ్డొస్తే మళ్లీ తగ్గిపోతుంది. అతను కొలిచింది దూరాన్నే, రేడియేషన్‌ని కాదు.

అంతటితో పోలేదు. అతను ఎంచుకున్న టవర్ల చుట్టూ అన్నీ అద్దాల మేడలు, సిమెంటు నేల. టవర్లు లేని చోట్లేమో పాత ఇళ్లు, పొదలు, గడ్డి మొలిచిన ఖాళీ జాగాలు. పిచ్చుకలు ఇక్కడే ఎక్కువ కనబడ్డాయి. గూడు పెట్టుకోవడానికి కంత దొరికినందుకా, పిల్లల నోట్లో పెట్టడానికి పురుగు దొరికినందుకా, సిగ్నల్ తక్కువైనందుకా? అతని నోటుబుక్కుల్లో దేనికీ జవాబు లేదు. అంత ఓపికగా పొద్దున్నే లేచి పడ్డ కష్టం ఎందుకూ కొరగాకుండా పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కాబట్టి సిగ్నల్ బలాన్ని కొలిచే మీటరు లేకుండా అడుగు బయటపెట్టకు. కొలిచేటప్పుడు నీ ఫోన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు, లేకపోతే దాని సిగ్నలే మీటర్లో పడుతుంది. ఇళ్లూ చెట్లూ ఒకేలా ఉండి, సిగ్నల్ మాత్రం తేడాగా ఉన్న వీధుల్ని జతలుగా ఎంచుకో. ప్రతి వీధిలోనూ గోడ కంతలు, పొదలు, పిల్లులు కూడా రాసుకో.

నీ అనుమానం ఊరికే పుట్టిందని నేననను. బెల్జియంలో 2006లో 150 చోట్ల మగ పిచ్చుకల్ని లెక్కించి, సిగ్నల్ బలంగా ఉన్నచోట తక్కువున్నాయని తేల్చారు. కొద్దికాలపు పరిశీలన అని వాళ్లే ఒప్పుకున్నారు. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పరిశోధకులు 2014లో, కరెంటు పరికరాల్లాంటి వాటి నుంచి వెలువడే విద్యుదయస్కాంత రొద మధ్య యూరోపియన్ రాబిన్ పిట్టలు దిక్కు పోల్చుకోలేకపోతున్నాయని చూపించారు. అయితే ఆ రొద ఫ్రీక్వెన్సీ 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ లోపుది, ఏఎం రేడియో ఉండే మేర. మొబైల్ సిగ్నల్ వందల, వేల మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. దీన్ని చూపించి దాన్ని రుజువు చేశాననకు, తల్లీ.

లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్ లెక్కలు కూడా దగ్గర పెట్టుకో. 1925లో అక్కడ 2,603 పిచ్చుకలు. 1948కి 885, 1975కి 544, 2000 నాటికి మిగిలినవి 8. 1975 వరకు, అంటే సెల్ టవర్ అన్నది లేని రోజుల్లోనే, ఎంత పడిపోయాయో చూడు! గుర్రబ్బళ్లు పోయి, దాణా గింజలు రాలడం ఆగిపోవడమే ఆ తొలి తగ్గుదలకి కారణమంటారు. చివరి ఏళ్ల సంగతి వేరే అడగాల్సిందే, కాదనను. నా భయమల్లా ఒకటే. నేరమంతా టవర్ మీద వేస్తే, ప్రతి కంతనూ సిమెంటుతో పూడ్చేవాళ్లూ, పురుగుమందు కొట్టేవాళ్లూ హాయిగా తప్పించుకుంటారు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, గూట్లోని పిల్లకి మొదటి రోజుల్లో పురుగే కావాలి.

ఒక్క మాట మాత్రం నేను బతిమాలుతున్నాననుకో, కోప్పడుతున్నాననుకో: యాంటెన్నాలున్న డాబా ఎక్కకు. ఆ ప్యానెళ్ల ముందు నిలబడకూడదు, పైగా నువ్వు పిట్టని చూస్తూ వెనక్కి అడుగులేసే రకం. చిన్నప్పుడు అరుగు మీంచి అలాగే పడ్డావు, నేను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. చీకట్లో ఒంటరిగా బయల్దేరకు, ఎవర్నైనా తోడు తీసుకెళ్లు. ఎవరైనా పత్రికవాళ్లు వచ్చి "టవర్లే కదండీ?" అని నీ నోట అనిపించాలని చూస్తే, లెక్క ఇంకా పూర్తి కాలేదని చెప్పు.

వీధుల జాబితా ముందు నాకు పంపు. జతలు సరిగ్గా కుదిరాయో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే మొదలుపెట్టు. నా పాత బైనాక్యులర్స్ తుడిపించి ఉంచాను, మీ అమ్మతో పంపిస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ